గెలిచిన జతకు లక్షలు, దూడను పెంచిన ఇంటికి?

2025 ఫిబ్రవరిలో గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు దిగుతుంటే రైతుల ముఖాల్లో నెత్తురుచుక్క లేదు. అంతకు ముందు సీజన్లలో క్వింటా ఇరవై వేలు దాటి పలికిన కాయ దాదాపు సగానికి పడిపోయింది. చివరికి కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో వార్త ఫోన్ల నిండా తిరిగింది. బ్రెజిల్‌లో మన ఒంగోలు ఆవు నలభై కోట్లట! పేరు వియాటినా-19, బరువు 1,101 కిలోలు, గిన్నిస్ రికార్డు. అక్కడ ఈ జాతిని నెలోర్ అంటారు. 2023లో ఆ ఆవులో మూడోవంతు వాటా వేలానికి వచ్చినప్పుడు పలికిన ధరను బట్టి మొత్తం ఆవుకు కట్టిన విలువ అది. వార్త చూసి ఒంగోలు నుంచి నరసరావుపేట దాకా అందరం మీసం మెలేశాం.

ఆ జాతి పుట్టిన నేల మనదైతే, ఆ నలభై కోట్లలో మన ఊళ్ల వాటా ఏది అని అడిగినవారు తక్కువ. అదే నెలాఖరున శివరాత్రి. తిరునాళ్ల కాలం వస్తే పల్నాడు, గుంటూరు, బాపట్ల, ప్రకాశం ఊళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీలు మొదలవుతాయి, బహుమతుల రూపంలో లక్షల రూపాయలు చేతులు మారతాయి. ఆ డబ్బులోనూ దూడను పుట్టించి పెంచిన ఇంటికి పైసా రాదు. సావో పాలో దగ్గర జరిగే వేలానికీ సత్తెనపల్లి దగ్గర బరికీ ఏ పోలికా లేదనిపిస్తుంది గానీ, రెండుచోట్లా నష్టపోతున్నది ఒక్కరే. ఇంట్లో ఒంగోలు ఆవును కట్టేసుకుని కూర్చున్న చిన్న రైతు.

బండలాగుడు చూడనివారికి నాలుగు మాటలు చెప్పాలి. 'ఒంగోలు జాతి వృషభరాజముల బలప్రదర్శన' అని కరపత్రం వేస్తారు. పశువు వయసు పళ్లతో లెక్క. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. ఒక్కో విభాగానికి ఒక్కో బరువు బండ, ఒక్కో గడువు. ఆ నిమిషాల్లో జత బండను ఎంత దూరం లాగితే అంత. బరి చివర తిప్పుకుని మళ్లీ లాగాలి. గడువు ముగిసేసరికి అడుగులు, అంగుళాలతో సహా కొలిచి మైకులో చెబుతారు. ఎనిమిదో తొమ్మిదో బహుమతుల దాకా ఉంటాయి. ఒక్కో బహుమతికి ఒక్కో దాత. మిర్చి కమీషన్ వ్యాపారి, పత్తి మిల్లు యజమాని, ఎరువుల కొట్టు ఆసామి, అమెరికాలో ఉద్యోగం చేస్తున్న ఊరి కుర్రాడు, ఎన్నికల్లో నిలబడాలనుకునే నాయకుడు. పోటీకి సూర్యాపేట, నల్గొండ, కర్నూలు, కడప నుంచి కూడా జతలు లారీల్లో దిగుతాయి. యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారాలు వచ్చాక పేరున్న గిత్తల ధర లక్షలు దాటి పదుల లక్షలకు వెళ్లింది. ఉలవలు, పత్తి గింజలు, ఖర్జూరాలు, బాదం, కోడిగుడ్లు పెట్టి మేపుతున్నారు. ఒక జతను పోటీకి సిద్ధం చేయడం చిన్న రైతు ఒంటిచేత్తో చేయగలిగిన పని కాకుండా పోయింది.

ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ట్రాక్టరు వచ్చాక పొలంలో ఎద్దుకు పని పోయింది. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద 6.79 కోట్లున్న మగ గోజాతి పశువులు 2019 గణన నాటికి అయిదు కోట్ల లోపుకు పడిపోయాయి. ఏడేళ్లలో పదింట మూడు వంతులు మాయం. నల్లరేగడిలో గుంటక తోలే జత ఇప్పుడు ఊరికి ఒకటో రెండో. ఇలాంటి రోజుల్లో ఒంగోలు కోడెదూడ పుట్టిందని సంతోషించడానికి కారణమంటూ ఒకటి మిగిలి ఉంటే అది బండలాగుడు పోటీయే. అందుకే ఆ పోటీల బహుమతి సొమ్ము ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో గట్టిగా చూడాల్సిన పని ఉంది.

జంతువు పోటీ మీద ప్రపంచంలోకెల్లా పెద్ద సొమ్ము తిరిగే చోటు గుర్రప్పందెం. అందులో అమెరికా అనుభవం మనకు బాగా పనికొస్తుంది, దాని మంచీ చెడూ రెండూ. ఆ సొమ్ములో సింహభాగం జూదం నుంచే వస్తుందని మొదటే చెప్పాలి. కెంటకీలో ఇప్పుడు పందెం బహుమతులను నిలబెడుతున్నది పాత పందేల ఫలితాల ఆధారంగా నడిచే జూదం మెషీన్లు. అది మనకు ఏ రకంగానూ వద్దు. తిరునాళ్లలో ఎడ్ల పోటీ పక్కనే లోపాయికారీగా నడిచే పైపందేలే ఎన్నో కొంపలు ముంచాయి. అమెరికా నుంచి మనం నేర్చుకోవాల్సింది వేరే ఉంది.

1982లో జాన్ గైన్స్ అనే కెంటకీ పెంపకందారుడు ఒక ప్రతిపాదన చేశాడు. గుర్రాలను పెంచేవాళ్లే సొమ్ము పోగుచేసి ఏడాదికొక పెద్ద పందేల రోజు జరపాలని. ప్రతి విత్తన గుర్రం యజమానీ ఏటా ఒకసారి దాటు రుసుముకు సమానమైన మొత్తం నిధికి కట్టాలి. ఆ గుర్రానికి పుట్టిన పిల్లలకు, వాటికీ కొంత రుసుము కట్టి నమోదు చేయించాక, ఆ పందేల్లో అర్హత. అదే బ్రీడర్స్ కప్. 1984 నవంబరు 10న కాలిఫోర్నియాలోని హాలీవుడ్ పార్కులో మొదటిసారి జరిగింది. ఏడు పందేలు, మొత్తం కోటి డాలర్లు. పేరులోనే పెంపకందారుడున్నాడు. బహుమతి పుట్టేది పెంపకం నుంచి, తిరిగి వెళ్లేదీ అక్కడికే. ఎందుకంటే అక్కడ గెలిచిన గుర్రం తండ్రికి మరుసటి ఏడాది రుసుము పెరుగుతుంది, తల్లికి పుట్టబోయే పిల్లకు ధర పెరుగుతుంది.

న్యూయార్క్ రాష్ట్రం అంతకంటే ముందే, 1973లో, ఒక అభివృద్ధి నిధి పెట్టింది. ఆ రాష్ట్రంలో పుట్టిన గుర్రం పందెంలో ముందువరసలో నిలిస్తే దాన్ని పుట్టించినవారికీ, తండ్రి గుర్రం యజమానికీ విడిగా డబ్బు వెళ్తుంది. గుర్రాన్ని ఎప్పుడో అమ్మేసినా సరే. కెంటకీలో దాటు రుసుము మీద వసూలయ్యే ఆరు శాతం అమ్మకం పన్నును పెంపకందారుల ప్రోత్సాహకానికి మళ్లిస్తారు. పందెం చూడటానికి వచ్చిన జనానికి ఈ లెక్కలేవీ కనిపించవు. గుర్రాలు పెంచే చిన్న కమతం మాత్రం వాటి మీదే నిలబడుతుంది.

అంత ఏర్పాటు ఉన్నా అమెరికా తప్పటడుగులు వేసింది. 2017లో ఫ్లోరిడాలో పెగాసస్ వరల్డ్ కప్ అని ఒక పందెం పెట్టారు. పన్నెండు స్థానాలు, ఒక్కో స్థానానికి పది లక్షల డాలర్లు ముందుగా కట్టాలి, బహుమతి కోటీ ఇరవై లక్షల డాలర్లు. అప్పటికి ప్రపంచంలో అదే పెద్దది. మరుసటి ఏడాది కోటీ అరవై లక్షలు చేశారు. 2019లో తొంభై లక్షలకు తగ్గింది. 2020 నాటికి ముప్పై లక్షలు. కింద పునాది లేకుండా పైన కట్టిన సొమ్ము నాలుగేళ్లు నిలవలేదు. దేశం మొత్తం బహుమతులు ఏటా నూట ముప్పై కోట్ల డాలర్ల దాకా చేరినా, పుట్టే పిల్లల సంఖ్య కూలిపోయింది. 1986లో ఉత్తర అమెరికాలో 51 వేలకు పైగా థరోబ్రెడ్ పిల్లలు పుడితే, ఈ దశాబ్దంలో ఏటా ఇరవై వేలు కూడా లేవు. బహుమతి పెరిగితే జాతి దానంతటదే బతికిపోతుందని నమ్మేవాళ్లు ఈ ఒక్క లెక్క ముందు ఆగి ఆలోచించాలి.

అంతర్జాతీయ పోటీలో అమెరికాకు తగిలిన దెబ్బ మన కథకు మరీ దగ్గర. 1989లో కెంటకీ డెర్బీ, అదే ఏడాది బ్రీడర్స్ కప్ క్లాసిక్ గెలిచిన గుర్రం సండే సైలెన్స్. దాని వంశం గొప్పది కాదని, కాళ్ల తీరు బాగోలేదని అమెరికా పెంపకందారులు వాటాలు కొనడానికి ముందుకు రాలేదు. 1990లో జపాన్‌కు చెందిన జెన్యా యోషిదా దాన్ని కొని హొక్కైడో తీసుకుపోయాడు. అక్కడ అది 1995 నుంచి 2007 దాకా వరసగా పదమూడేళ్లు దేశంలోనే అగ్రశ్రేణి విత్తన గుర్రం. దాని కొడుకు డీప్ ఇంపాక్ట్, ఆ డీప్ ఇంపాక్ట్ కొడుకు రియల్ స్టీల్, ఆ రియల్ స్టీల్ కొడుకు ఫరెవర్ యంగ్. ఈ మునిమనవడు 2025 ఫిబ్రవరిలో రెండు కోట్ల డాలర్ల సౌదీ కప్ గెలిచి కోటి డాలర్లు పట్టుకెళ్లింది. అదే ఏడాది నవంబరు 1న కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో బ్రీడర్స్ కప్ క్లాసిక్ కూడా గెలిచింది. జపాన్‌లో శిక్షణ పొందిన గుర్రం ఆ పందెం గెలవడం అదే మొదటిసారి. అంతకు 36 ఏళ్ల ముందు ముత్తాత గెలిచిన పందెమే అది. అమెరికా వద్దనుకున్న నెత్తురు అమెరికా గడ్డ మీదికే వచ్చి అమెరికాను ఓడించింది.

మన దగ్గర నుంచి వెళ్లిన నెత్తురు సంగతి ఇంతకంటే పాతది. గుండ్లకమ్మ, అల్లూరు వాగుల నడుమ ఉన్న మేతబీళ్లే ఈ జాతికి పుట్టిల్లు. ఒంగోలు, కందుకూరు, నరసరావుపేట, వినుకొండ, బాపట్ల తాలూకాల దాకా అది విస్తరించింది. పందొమ్మిదో శతాబ్దం నుంచే ఇక్కడి పశువులు ఓడలెక్కాయి. నెల్లూరు జిల్లా పేరుతో వెళ్లాయి కాబట్టి బ్రెజిల్‌లో నెలోర్ అయ్యాయి. అమెరికాలో బ్రాహ్మన్ అనే జాతిని తయారుచేసినప్పుడు కలిపిన రక్తాల్లో ఒకటి ఇదే. ఇండోనేషియాలో సుంబా దీవిలో ఒంగోలు పేరే నిలిచి ఉంది. 1960ల మొదట్లో బ్రెజిల్ వాళ్లు చివరి విడతగా కొన్న ఆబోతుల్లో ఒకటి ఒంగోలు పక్కన కరవది ఊరిది. ఆ ఊరి పేరే దాని పేరై, నేటికీ బ్రెజిల్ నెలోర్ వంశవృక్షాల్లో ఆ పేరు కనిపిస్తూనే ఉంది. ఆ తర్వాత మన ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. నిషేధం పెట్టిన చేత్తోనే పుస్తకం కూడా తెరిచి ఉంటే బాగుండేది.

పుస్తకం అంటే వంశం పుస్తకం. బ్రెజిల్‌లో ఉబెరాబా పట్నం కేంద్రంగా జెబు జాతుల పెంపకందారుల సంఘం 1938 నుంచి పుట్టుక రికార్డు రాస్తోంది. వియాటినాకు నలభై కోట్లు పలికింది దాని కండను చూసి మాత్రమే కాదు. దాని తల్లి ఎవరు, తండ్రి ఎవరు, వాటి సంతానం ఎంత బరువు తూగింది అనేది కాగితం మీద ఉంది కాబట్టి, దాని అండాలకు ధర ఉంది. బ్రెజిల్ వాళ్లు మాంసం కోసం పెంచారన్నది నిజం. మనం కాడి కోసం పెంచాం. అందుకని ఆ ధరను ఇక్కడి ధరతో నేరుగా పోల్చకూడదు. అయినా ఏ పని కోసం పెంచినా లెక్క రాయడం మాత్రం తప్పదు. గుర్రప్పందెంలో అయితే తల్లిదండ్రుల రుజువు లేని గుర్రం బరిలోకే రాదు. ఇంగ్లండులో ఆ పుస్తకం 1791లో మొదలైంది, అమెరికాలో 1868లో. మన దేశంలో కూడా గుర్రాలకు పుణెలో ఉంది.

మన బరి దగ్గర మైకు ఏం చెబుతుంది? యజమాని పేరు, తండ్రిగారి పేరు, ఊరు, మండలం, జిల్లా. యజమాని తాతగారి పేరు కూడా చెబుతారు గానీ గిత్త తల్లి పేరు చెప్పరు! దూడను కొనేటప్పుడు మాత్రం ప్రతి రైతూ అడిగేది అదే. "ఏ ఊరి ఆవు బాబాయ్, ఏ ఆబోతుకి కట్టింది?" సంతలో నోటి మాటగా బతికి ఉన్న ఆ జ్ఞానం పోటీ దగ్గరకు వచ్చేసరికి ఎటో పోతోంది. ఒకప్పుడు ఊరి పెద్ద పోతే ఆయన పేరున దేవుడికి ఆబోతును వదిలేవారు. ఏ దూడను వదలాలో ఊరంతా కూర్చుని ఎంచేది. ఒంగోలు జాతి తీరు తరాల పాటు చెడకుండా నిలిచింది ఆ ఎంపిక వల్లే. ఇప్పుడు ఊళ్లో ఆ ఆబోతూ లేదు, ఆ కూర్చోవడమూ లేదు.

లెక్క రైతు వైపు నుంచి చూడండి. ముర్రా గేదె కట్టేసుకుంటే పాలకేంద్రం నుంచి పదిహేను రోజులకోసారి డబ్బు వస్తుంది. ఒంగోలు ఆవు ఇచ్చే పాలే తక్కువ. పోటీకి పనికొచ్చే కోడె కావాలంటే ఆ కాసిని పాలూ దూడకే వదలాలి. రెండేళ్లు మేపి, ఏ పెద్ద రైతో వచ్చి అడిగిన ధరకు అమ్ముతాడు. ఆ కోడె తర్వాత ఎన్ని బరుల్లో గెలిచినా, ఎన్ని లక్షలకు చేతులు మారినా అతనికి కబురు కూడా అందదు. పత్తి దెబ్బతిని, మిర్చి ధర పడిన ఏడాది ఆ ఇంట్లో ముందుగా అమ్ముడుపోయేది పాలివ్వని ఆ ఆవే. ఆ ఆవు వెళ్లిపోయాక ఎన్ని లక్షల బహుమతి పెట్టినా ఆ సంతతి తిరిగి రాదు. ఇంకో సంగతి కూడా ఉంది. సాధారణంగా పెద్ద బహుమతులన్నీ సీనియర్ విభాగానికే. వంశం సత్తా తొలిసారి బయటపడేది మాత్రం పాలపళ్లు, రెండు పళ్ల విభాగాల్లో. పెంపకందారుడికి దగ్గరగా ఉండే వయసుకి చిల్లర, చేతులు మారిన వయసుకి లక్షలు.

డబ్బు పెరిగినచోట మందు కూడా వస్తుంది. 2020లో మొదటి సౌదీ కప్‌లో ముందు నిలిచిన అమెరికా గుర్రం మ్యాక్సిమమ్ సెక్యూరిటీ. పందెం అయిన కొద్దిరోజులకే దాని శిక్షకుడి మీద ఉత్ప్రేరకాల కేసు నమోదైంది. కోటి డాలర్ల బహుమతిని ఆపేశారు. నాలుగేళ్ల తర్వాత, 2024లో, ఆ గెలుపు రద్దు చేసి రెండో స్థానంలోని మిడ్‌నైట్ బిసూను విజేతగా ప్రకటించారు. 2021 కెంటకీ డెర్బీలో ముందొచ్చిన మెడీనా స్పిరిట్‌దీ అదే గతి. ఈ బెడద ఆపడానికి అమెరికా ప్రభుత్వం 2020లోనే చట్టం చేసి దేశమంతటికీ ఒకే పర్యవేక్షణ సంస్థను పెట్టింది. పందెంలో గుర్రాన్ని కొరడాతో ఆరు దెబ్బలకు మించి కొట్టకూడదన్నదీ దాని నిబంధనే. మన బరుల్లో చర్నాకోల లెక్క ఎవరు రాస్తున్నారు? తోక మెలేస్తే ఏ కమిటీ జతను పక్కన పెడుతోంది? రక్తపరీక్ష మాట తర్వాత, ముందు ఈ రెండింటికీ సమాధానం కావాలి. ఎద్దు మీద ప్రేమతోనే పోటీ అని మనం చెప్పే మాట నిజమని నిరూపించుకోవాల్సింది అక్కడే.

న్యాయస్థానం ఈ సంగతి మనకు ముందే చెప్పింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్ల పందేలను నిలిపివేసింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలు సవరించుకుని, అనుమతులు, పశువైద్య పరీక్షలతో నియమాలు రాసుకుని మళ్లీ వెళ్లాయి. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టాలను సమర్థించింది. ఆ తీర్పు నిలబెట్టింది ఆ మూడు రాష్ట్రాల చట్టాలను. మన బండలాగుడు గురించి అందులో తేల్చింది ఏమీ లేదు. ఎవరో ఒకరు పిటిషన్ వేసేదాకా ఆగకుండా ఆంధ్రప్రదేశ్ తన నియమాలు తాను రాసుకోవడం మేలు. రాసేటప్పుడు హింస నివారణతో ఆగిపోకుండా వంశం రికార్డునూ పెంపకందారుడి వాటానూ అందులోనే చేర్చాలి.

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన యంత్రాంగం కాదు. పశువు చెవికి పన్నెండు అంకెల ట్యాగు ఇప్పటికే వేస్తున్నారు. గుంటూరు పక్కన లాంలో ఒంగోలు జాతి మీద పనిచేసే పశు పరిశోధన కేంద్రం ఉంది. ప్రకాశం జిల్లా చదలవాడలో ప్రభుత్వ పశుక్షేత్రం ఉంది. ట్యాగు నంబరుకు తల్లి నంబరు, ఆబోతు లేదా వీర్యం నంబరు జతచేసి లాంలో పుస్తకం తెరవడానికి కావాల్సింది ఉద్యోగులు, కొద్దిపాటి బడ్జెట్, పశుసంవర్ధక శాఖ ఉత్తర్వు. అనుమానం ఉన్నచోట డీఎన్ఏ పరీక్ష చేయవచ్చు. పాలపళ్లు, రెండు పళ్ల విభాగాలతో మొదలుపెడితే అయిదారేళ్లలో సీనియర్ల దాకా అన్ని జతలకూ వంశం తెలిసిపోతుంది. ఈలోగా పాత గిత్తలను అడ్డుకోనక్కర్లేదు, ఉన్నవాటిని ఉన్నట్టు రాసుకుంటే చాలు.

వాటా సంగతి మరీ తేలిక. లక్ష రూపాయల మొదటి బహుమతిలో పదివేలు గిత్తలను పుట్టించిన ఇళ్లకు. జతలో రెండు గిత్తలు రెండు ఊళ్లవైతే అయిదేసి వేలు. ఆ పదివేలు యజమాని వాటాలోంచి కోయనక్కర్లేదు, దాత పెంచి ఇవ్వవచ్చు. పోటీల దాతల్లో చాలామంది తమ తాతల పేరునే బహుమతి ఇస్తున్నారు. ఆ తాతలంతా ఒంగోలు ఆవులు కట్టినవారే. డబ్బు చిన్నదే గానీ, కోడెను అమ్మి మూడేళ్లయిన రైతుకు గడ్డివామి దగ్గర ఉండగా ఫోన్ వచ్చి "అబ్బాయ్, నీ దూడ ఫలానా ఊళ్లో రెండో బహుమతి కొట్టింది, నీ వాటా పంపుతున్నాం" అని కమిటీ వాళ్లు చెబితే, అతను ఆ తల్లిని కబేళా లారీ ఎక్కించడు. ఆ ఏడాది మిర్చి ధర ఎంత పడినా సరే, ఇంకో చూడికి ఆగుతాడు.

బహుమతి పెద్దదైతే పేరు వస్తుందని కమిటీలు ఏటా పోటీపడి అంకెలు పెంచుతున్నాయి, బుల్లెట్ బండ్లూ ట్రాక్టర్లూ ప్రకటిస్తున్నాయి. పెగాసస్ కప్ నడిచిన దారి అదే. దానికి బదులు ఒక్క నిబంధన చాలు: ఈ బరిలో ట్యాగు లేని గిత్తకు ప్రవేశం లేదు, తల్లి పేరు మైకులో చదువుతాం. సంక్రాంతి పోటీల కరపత్రాలు అచ్చుకు వెళ్లేది మార్గశిరంలో. పల్నాడులోనో ఒంగోలు చుట్టుపక్కలో పేరున్న కమిటీ ఒక్కటి ఆ వాక్యం కరపత్రంలో వేస్తే మిగతావి ఆగలేవు. మొదటి బహుమతి ఎక్కడ పెద్దదో అక్కడికే జతలు వస్తాయి గనుక, ముందుగా వేయాల్సింది ఆ పెద్ద కమిటీయే.